ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి పారిష్ చరిత్ర వెలికితీయడం ఎలా? ఈమ్ గ్రామం ఉదాహరణగా

ఇంగ్లండ్ పల్లెల పాత కాగితాలు నాలుగైదు వందల ఏళ్ల నాటివి కూడా చదవగలిగే స్థితిలో దొరుకుతాయి. కాకపోతే ఒకే ఊరి కాగితాలు ఐదారు చోట్ల పడి ఉంటాయి. మన దగ్గర 1984లో కరణాలు, పట్వారీల వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి లెక్క ఎవరి దగ్గరుందంటే ఒక్క మనిషిని చూపించేవాళ్లు. ఆ అలవాటుతో ఇంగ్లండ్ పల్లెలోకి వెళ్తే దారి తప్పుతాం. అక్కడ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు చర్చి రాసేది. భూమి కౌళ్లు మేనర్ అనే జమీ కచేరీ రాసేది. పేదల పోషణ లెక్క పారిష్ (అంటే ఒక చర్చి కింద ఉండే ప్రాంతమంతా) ఓవర్సీర్లది, పేదల బాగోగులు చూసే అధికారులది. తగాదాలు పెద్దవైతే కౌంటీ న్యాయాధికారులవి. ఒక్కొక్కరికీ ఒక్కో హద్దు. ఆ హద్దులు ఒకదానితో ఒకటి కలవవు.

అందుకే ఈ పనిలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ముందే చెప్తాను. ఊరి పేరు పట్టుకుని వెతకొద్దు. ఆ ఊరు ఏ కాలంలో ఏ ఏ హద్దుల కింద ఉండేదో తేల్చుకుని, ఆ హద్దు పేరుతో వెతకండి. కాగితం దానంతట అదే బయటపడుతుంది.

ఉదాహరణకి డెర్బీషైర్ కొండల్లోని ఈమ్ అనే ఊరిని తీసుకుంటాను. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి ‘ఇయామ్’ అనుకుంటాం కానీ అక్కడివాళ్లు ‘ఈమ్’ అనే పలుకుతారు. జనాభా వెయ్యికి అటూ ఇటూ. 1665–66లో ప్లేగు వచ్చినప్పుడు, రోగం పక్క ఊళ్లకు పాకకుండా తమను తాము పొలిమేరలోనే కట్టేసుకున్న ఊరు ఇది. ఆ కథ ఇంగ్లండ్‌లో అందరికీ తెలుసు. ఆ కథ మనదాకా ఎలా చేరిందో చూస్తే పారిష్ కాగితం విలువ తెలుస్తుంది.

మొదటి అడుగు: హద్దుల పట్టిక వేయండి

ఒక తెల్లకాగితం మీద రెండు గడులు గీయండి. ఎడమవైపు చర్చి పాలన, కుడివైపు సర్కారు పాలన. ఏళ్లు పై నుంచి కిందికి రాసుకుంటూ పోండి.

చర్చి వైపు ఈమ్ ఒక పాత పారిష్. చర్చి పేరు సెయింట్ లారెన్స్. ఆ పైన డయోసిస్, అంటే బిషప్ పరిధి. ఈమ్ 1884 దాకా లిచ్‌ఫీల్డ్ బిషప్ కింద, 1884లో సౌత్‌వెల్ డయోసిస్ ఏర్పడగానే దాని కింద, 1927 నుంచి డెర్బీ డయోసిస్ కింద ఉంది. ఇదేదో గుమాస్తా వివరం అనుకోకండి. 1858కి ముందు వీలునామాలు నిరూపించేది బిషప్ కోర్టే కాబట్టి ఈమ్ రైతు వీలునామా లిచ్‌ఫీల్డ్ కాగితాల్లో ఉంటుంది. ఆ కాగితాలు ఇప్పుడు పక్క కౌంటీలో, స్టాఫర్డ్‌లోని స్టాఫర్డ్‌షైర్ హిస్టరీ సెంటర్‌లో ఉన్నాయి. డెర్బీషైర్‌లో ఎంత వెతికినా అసలు ప్రతి దొరకదు.

సర్కారు వైపు పై గడిలో హండ్రెడ్ వస్తుంది, మన పాత ఫిర్కా లాంటిది. ఈమ్‌ది హై పీక్ హండ్రెడ్. దాని కింద టౌన్‌షిప్‌లు. ఈమ్ పారిష్‌లో మూడు టౌన్‌షిప్‌లు ఉండేవి: ఈమ్, ఫూలో, ఈమ్ వుడ్‌లాండ్స్. మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే ప్రధాన గ్రామం, దాని మజరాలు. పేదల పన్ను మాత్రం ఏ మజరాకి ఆ మజరాయే వసూలు చేసుకునేది. 1866లో వచ్చిన చట్టం, విడిగా పేదల పన్ను వేసుకునే ప్రతి చోటునీ విడి సివిల్ పారిష్‌గా లెక్కించింది. దాంతో చర్చికి ఒకటిగా ఉన్న ఊరు సర్కారు లెక్కలో మూడైంది. వుడ్‌లాండ్స్ తర్వాతి కాలంలో గ్రిండిల్‌ఫర్డ్ పారిష్‌లో కలిసిపోయింది. కాబట్టి ‘ఈమ్ పారిష్ జనాభా’ అని ఎవరైనా అంకె చెప్తే, ఏ పారిష్, ఏ ఏడు అని అడగాలి.

ఆ తర్వాత గడులు త్వరగా నిండుతాయి. 1834 పేదల చట్టం తర్వాత బేక్‌వెల్ యూనియన్ (పేదల పోషణకి కలిపిన పారిష్‌ల కూటమి), 1894 చట్టంతో పారిష్ కౌన్సిల్, బేక్‌వెల్ రూరల్ డిస్ట్రిక్ట్, 1974 ఏప్రిల్ 1 నుంచి వెస్ట్ డెర్బీషైర్ జిల్లా, 1987లో దానికే డెర్బీషైర్ డేల్స్ అని కొత్త పేరు. 1951 నుంచి ఊరంతా పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులో ఉంది కాబట్టి ఇళ్ల కట్టుబడి అనుమతుల కాగితాలు పార్కు యాజమాన్యం దగ్గర ఉంటాయి.

ఈ పట్టిక వేయకుండా దిగి నేను ఒక రోజంతా పోగొట్టుకున్నాను. ఈమ్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో స్టోనీ మిడిల్టన్ ఉంది. అక్కడి ఒక కుటుంబం కోసం ఈమ్ రిజిస్టరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరగేశాను. ఒక్క పేరూ తగల్లేదు. ఆ ఊరు పూర్వం హేథర్‌సేజ్ పారిష్ కింది చాపెల్రీ, అంటే ఉపగుడి ఉన్న మజరా. పక్కనే కనబడే ఊరు పాలనలో కొండకి అవతలి ఊరిది.

రెండో అడుగు: ఇంటి నుంచే తేలే పనులు

‘ఎ విజన్ ఆఫ్ బ్రిటన్’ వెబ్‌సైటులో ఊరి పేరు కొడితే అది ఏ ఏ పాలనా విభాగాల్లో ఉండేదో, జనగణన అంకెలతో సహా వస్తుంది. ఆర్డ్‌నెన్స్ సర్వే అనే సర్కారు పటాల సంస్థ గీసిన పాత పటాలకి స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ వెబ్‌సైటు చూడండి. పేరుకి స్కాట్లండ్‌దే అయినా ఇంగ్లండ్ పటాలు కూడా ఉచితంగా పెట్టారు. మైలుకి 25 అంగుళాల పటంలో ఒక్కో ఇల్లు, ఒక్కో గోడ, పారిష్ హద్దు చుక్కల గీతగా కనిపిస్తాయి. ఆ గీత వాగు మీదుగా పోతుందో, గోడ వెంట పోతుందో, ఒక్కసారిగా బీడు మధ్యలో తిరుగుతుందో గమనించండి. వంకర ఉన్నచోట ఒక పాత తగాదానో, ఎవరిదో పాత మాన్యమో ఉండే అవకాశం ఎక్కువ.

నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల ‘డిస్కవరీ’ కేటలాగులో కౌంటీ రికార్డ్ ఆఫీసుల జాబితాలు కూడా కలిసి ఉంటాయి. మేనర్ కాగితాలు ఎవరి దగ్గరున్నాయో చెప్పే మేనోరియల్ డాక్యుమెంట్స్ రిజిస్టర్ కూడా అందులోనే ఉంది. 1086 నాటి డూమ్స్‌డే అనే భూముల లెక్కలో ఊరు ఉందో లేదో ‘ఓపెన్ డూమ్స్‌డే’లో చూసుకోవచ్చు, ఈమ్ ఉంది. విక్టోరియా కౌంటీ హిస్టరీ పేరుతో 1899లో మొదలైన గ్రంథమాలలో మీ ఊరి భాగం వచ్చి ఉంటే సగం పని అయినట్టే. డెర్బీషైర్‌లో చాలా ఊళ్లకి ఆ అదృష్టం ఇంకా పట్టలేదు.

మూడో అడుగు: పారిష్ రిజిస్టరు

ఇక్కడ నింపాదిగా ఆగాలి. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసి ఉంచాలని ఆజ్ఞ వేశాడు. మొదట్లో విడి కాగితాల మీద రాసినవి చాలా పోయాయి. 1598లో వాటిని తోలు పత్రాల పుస్తకంలోకి ఎత్తి రాయాలనీ, ఏటా ఒక నకలు బిషప్‌కి పంపాలనీ నియమం వచ్చింది. ఆ నకళ్లనే బిషప్స్ ట్రాన్‌స్క్రిప్ట్స్ అంటారు. రిజిస్టరు తడిసిపోయినా, ఎలుకలు కొట్టినా, పేరు అర్థం కాకపోయినా నకలు చూడండి. రెండూ దొరికితే రెండూ చూడండి. నకలు రాసేటప్పుడు మనిషిని మరిచిపోవడం, అసలులో లేని వివరం చేర్చడం రెండూ జరిగేవి.

ఈమ్ రిజిస్టర్లు 1630 నుంచి మొదలవుతాయి. 1665 సెప్టెంబరు 7న జార్జ్ విక్కర్స్ అనే దర్జీ పనివాడి ఖననం దగ్గర వేలు పెట్టండి. లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ప్లేగు అతను ఉంటున్న ఇంట్లోకే మొదట అడుగుపెట్టిందని ఊరి కథ. అక్కడి నుంచి పేజీ తిప్పుతూ పోతే ఇంటిపేర్లు తిరిగి తిరిగి వస్తాయి. మరుసటి ఏడు ఆగస్టులో హాన్‌కాక్ అన్న పేరు వరసగా పడుతుంది. ఎలిజబెత్ హాన్‌కాక్ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతో పొలంలోనే పూడ్చింది. అదే నెల 25న పాస్టర్ విలియమ్ మాంపెసన్ భార్య క్యాథరిన్ పోయింది. రిజిస్టరులో ఏడుపు ఉండదు. పేరు, తేదీ, అంతే. మొదటిసారి చదివినప్పుడు నేను పెన్సిలు కింద పెట్టేసి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను.

తేదీల విషయంలో జాగ్రత్త. 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి ఆ కాలపు రిజిస్టర్లలో 1665 డిసెంబరు తర్వాత 1665 జనవరి, 1665 ఫిబ్రవరి వస్తాయి. మన లెక్కలో అవి 1666. ఇది మరిచిపోతే ప్లేగు రాకముందే ప్లేగుతో చనిపోయినవాళ్లు తయారవుతారు. మీ నోట్సులో 1665/6 అని రెండూ రాసుకోండి. 1752 సెప్టెంబరులో 2 తర్వాత నేరుగా 14వ తేదీ వచ్చిందన్నదీ గుర్తుంచుకోండి.

రాత గురించి రెండు మాటలు. 17వ శతాబ్దం సగం దాకా సెక్రటరీ హ్యాండ్ అనే లిపి ఎక్కువ. ఒకే గుమాస్తా రాసిన పది పేజీలు తీసుకుని, తెలిసిన పేర్ల నుంచి అక్షరమాల తయారు చేసుకోండి. జాన్, మేరీ, విలియమ్ పేర్లు ఎటూ ఉంటాయి, వాటితో పదకొండు అక్షరాల దాకా దొరుకుతాయి. 1733 దాకా కొన్నిచోట్ల లాటిన్‌లో రాసేవారు. గులియెల్ముస్ అంటే విలియమ్, జాకోబుస్ అంటే జేమ్స్. సెపుల్టుస్ అంటే ఖననమైనవాడు. ఈ పాటి లాటిన్ వారంలో వచ్చేస్తుంది.

1640, 50లలో ఖాళీ పేజీలు కనబడితే కంగారు పడకండి. అంతర్యుద్ధం, ఆ తర్వాత పాస్టర్లు మారిపోవడం వల్ల చాలా ఊళ్లలో అలా జరిగింది. ఈమ్‌లోనూ ఆ గాలి తగిలింది. థామస్ స్టాన్లీ అనే పాస్టర్ కొత్త ప్రార్థనా చట్టాన్ని ఒప్పుకోక 1662లో పదవి వదిలేశాడు. 1664లో మాంపెసన్ వచ్చాడు. ఊరు స్టాన్లీ మాటే వినేది. ప్లేగు వచ్చాక ఆ ఇద్దరూ పాత గొడవ పక్కనపెట్టి ఊరిని ఒప్పించారు. పాస్టర్ల జాబితాని ఉత్త పేర్ల వరసగా చూడకూడదు అనడానికి ఇదే కారణం. పేరు మారిన ప్రతిచోటా ఎందుకు మారిందని అడగండి. 1540 నుంచి 1835 దాకా పాస్టర్ల నియామకాలు క్లెర్జీ ఆఫ్ ది చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతాయి.

తర్వాతి మైలురాళ్లు త్వరగా చెప్పేస్తాను. 1754 నుంచి పెళ్లిళ్లకి విడి పుస్తకం, సాక్షుల సంతకాలతో. 1813 నుంచి అచ్చు ఫారాలు, అందులో తండ్రి వృత్తి గడి కూడా. 1837 జులై 1 నుంచి పుట్టుక, పెళ్లి, చావుల నమోదు సర్కారుది.

నాలుగో అడుగు: పారిష్ పెట్టె

పాత చర్చిల్లో మూడు తాళాల చెక్కపెట్టె ఉండేది. ఒక తాళంచెవి పాస్టర్ దగ్గర, మిగతా రెండూ చర్చి వార్డెన్ల దగ్గర, అంటే చర్చి ఆస్తి, లెక్కలు చూసుకునే ఊరి పెద్దల దగ్గర. ఆ పెట్టెలోని కాగితాలే ఊరి అసలు పాలన. ఇప్పుడు వాటిలో చాలావరకు కౌంటీ రికార్డ్ ఆఫీసుకి చేరాయి. ఈమ్‌కైతే మాట్‌లాక్‌లోని డెర్బీషైర్ రికార్డ్ ఆఫీసు. వెళ్లేముందు కేటలాగు నంబర్లు రాసుకోండి, సీటు బుక్ చేసుకోండి, గుర్తింపు, చిరునామా రుజువులు పట్టుకెళ్లండి. లోపల పెన్సిలే వాడనిస్తారు. ఫోటో తీసుకోవాలంటే రుసుము ఉంటుందేమో ముందే అడగండి.

చర్చి వార్డెన్ల లెక్కల్లో చూడాల్సింది చిన్న ఖర్చులే. గంటకి కొత్త తాడు, కిటికీకి గాజు. 1566 చట్టం ప్రకారం పంటలు పాడుచేసే జంతువుల తలలకి పారిష్ డబ్బులిచ్చేది. నక్క తలకి 12 పెన్నీలు, హెడ్జ్‌హాగ్ అనే ముళ్ల జంతువుకి 2 పెన్నీలు. అది రాత్రిపూట ఆవుల పొదుగులో పాలు తాగేస్తుందని జనం నమ్మేవారు. లెక్కల పుస్తకంలో ఈ పద్దు కనబడితే ఊరి భయాలు కూడా అంకెల్లోకి దిగాయని అర్థం. ఆ కాలపు డబ్బు లెక్కకి 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను.

వీటన్నిటిలోకి నాకు విలువైనవి ఓవర్సీర్ల కాగితాలు. 1601 చట్టంతో ప్రతి పారిష్ తన పేదల్ని తానే పోషించుకోవాలి. 1662 చట్టంతో బయటి నుంచి వచ్చి ఏడాదికి 10 పౌన్లకన్నా తక్కువ అద్దె ఇంట్లో చేరినవాళ్లని, రేపు భారం అవుతారేమో అన్న అనుమానంతో, 40 రోజుల్లోపు ఫిర్యాదు చేసి వెనక్కి పంపేయవచ్చు. అలా పంపేముందు న్యాయాధికారి ఆ మనిషిని ప్రమాణం చేయించి అడిగేవాడు: ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పాలేరుగా చేశావు, ఎన్నేళ్లు, జీతమెంత? ఆ జవాబులు రాసిన కాగితం పేరు సెటిల్‌మెంట్ ఎగ్జామినేషన్. చదువు రాని పనివాడి జీవితకథ అతని నోటి నుంచే వచ్చి కాగితం మీద పడేది ఇక్కడే. కింద సంతకం స్థానంలో ఒక వంకర గీత ఉంటుంది. ఆ గీత పెట్టిన చేయి మళ్లీ ఎప్పుడైనా కలం పట్టిందో లేదో. మీ ఊరి పెట్టెలో ఇవి ఒక్కటున్నా ముందు అవే చదవండి. తగాదా కౌంటీ దాకా వెళ్తే క్వార్టర్ సెషన్స్ అనే కౌంటీ న్యాయాధికారుల కోర్టు కాగితాల్లో మిగతా సగం ఉంటుంది.

ఐదో అడుగు: భూమి

చర్చి మాన్యాల జాబితాని గ్లీబ్ టెరియర్ అంటారు. ఏ చేను ఎక్కడ, దాని ఎగువన ఎవరిది, దిగువన ఎవరిది అని మన పాత దస్తావేజుల్లో చతుర్హద్దులు రాసినట్టే రాస్తారు. 1836 చట్టంతో చర్చికి ఇచ్చే దశమభాగాన్ని డబ్బులోకి మార్చినప్పుడు పెద్ద పటాలు గీశారు. ప్రతి చేనుకీ నంబరు, విడి పుస్తకంలో యజమాని, సాగుదారు, చేను పేరు, విస్తీర్ణం. నేషనల్ ఆర్కైవ్స్‌లో పుస్తకాలు ఐఆర్ 29, పటాలు ఐఆర్ 30 వరసలో ఉంటాయి. అంతకుముందే భూములు కంచె వేసి పంచుకున్న ఊళ్లకి ఈ పటం ఉండకపోవచ్చు, అప్పుడు ఎన్‌క్లోజర్ అవార్డు చూడండి.

ఈమ్ లాంటి చోట భూమి కింద కూడా ఒక పాలన ఉంది. అది సీసం గనుల ఊరు. గని హక్కుల తగాదాలు తీర్చేది బార్‌మోట్ కోర్టు. డెర్బీషైర్‌లోని వర్క్స్‌వర్త్‌లో అలాంటి కోర్టు ఇప్పటికీ కూర్చుంటుంది. సీసం మీద చర్చికి వాటా ఉండేది కాబట్టి 18వ శతాబ్దంలో గనులు బాగా పండినప్పుడు ఈమ్ పాస్టర్ ఆదాయం బాగా పెరిగింది. మీరు ఎంచుకున్న ఊరికి ఇలాంటి ప్రత్యేక కోర్టు, అడవి చట్టం, రేవు హక్కు ఏమైనా ఉందేమో కనుక్కోండి.

ఆరో అడుగు: జనగణన, ఆ తర్వాత

పేర్లతో సహా దొరికే మొదటి జనగణన 1841ది. వందేళ్లు నిండాకే బయటపెడతారు, 1921ది 2022లో వచ్చింది. 1931 కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల గణనే జరగలేదు. ఆ లోటు కొంత, యుద్ధం మొదలైనప్పుడు సర్కారు జనం పేర్లు రాసుకున్న 1939 రిజిస్టరు తీరుస్తుంది. పారిష్ కౌన్సిల్ మినిట్సు 1894 నుంచి మొదలవుతాయి. వీధి దీపాలు, బావులు, కాలిబాటల గొడవలు వాటిలో ఉంటాయి. కొన్ని ఇంకా క్లర్కు ఇంట్లోనే ఉంటాయి, మర్యాదగా ఉత్తరం రాస్తే చూపిస్తారు.

అంకెల్ని ఒరిపిడి పెట్టండి

ఈమ్‌లో 350 మందికి 260 మంది చనిపోయారని, 83 మందే మిగిలారని చాలాచోట్ల చదువుతాం. తర్వాత పరిశీలించినవాళ్లు అప్పటి జనాభా 800 దాకా ఉండొచ్చని, 430 మంది బతికి ఉండొచ్చని అన్నారు. చర్చిలోని జాబితాలో 273 పేర్లున్నాయి. ఏది రాయాలి? నేనైతే పేర్ల లెక్క ఒకవైపు, జనాభా అంచనా ఇంకోవైపు పెట్టి, అది అంచనా అని తేటగా రాస్తాను. ఖననాలు పుస్తకంలో ఉన్నాయి, బతికినవాళ్లని ఎవరూ వరసబెట్టి రాయలేదు. హార్త్ ట్యాక్స్, అంటే పొయ్యిల పన్ను జాబితాలు 1660ల నాటివి ఉన్నాయి. వాటిలో ఇంటి పెద్దల పేర్లే ఉంటాయి, ఇంటికి ఎందరు అన్నది మనం ఊహించుకోవాల్సిందే. చనిపోయినవాళ్ల సంఖ్య తగ్గించినా పెంచినా ఆ మనుషులకి అన్యాయమే. అందుకని ప్రతి అంకె పక్కనా అది ఏ కాగితంలోదో, ఏ పేజీయో అప్పటికప్పుడే రాసుకోండి.

మన తీరం నుంచి వెతికేవాళ్లకి

మచిలీపట్నంలోనో విశాఖలోనో పాత ఇంగ్లీషు సమాధి మీద పేరు చూసి, ఆ మనిషి ఏ పల్లె నుంచి వచ్చాడో తెలుసుకోవాలనుకునేవాళ్లు నన్ను అడుగుతుంటారు. లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో మద్రాసు ప్రాంతపు బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ఎన్/2 వరసలో ఉన్నాయి, 1698 నుంచి. అక్కడ వయసు, ఉద్యోగం దొరుకుతాయి. ఆ మనిషి ఈస్టిండియా కంపెనీలో రైటరుగా, అంటే గుమాస్తాగా చేరినవాడైతే జె/1 వరసలో అతని అర్జీ చూడండి. దానికి జతగా సొంతూరి పాస్టర్ రాసిచ్చిన బాప్తిస్మ ధ్రువపత్రం ఉంటుంది. ఆ పారిష్ పేరు చేతికొచ్చాక, మళ్లీ మొదటి అడుగు నుంచి హద్దుల పట్టిక వేయడమే.

చివరగా, ఊరికి వెళ్లండి

కాగితాలన్నీ చదివాకే వెళ్లమంటాను. ముందే వెళ్తే రాయి రాయిలాగే కనిపిస్తుంది. ఈస్టర్ తర్వాత రోగేషన్ రోజుల్లో పారిష్ జనం పిల్లల్ని వెంటేసుకుని పొలిమేర చుట్టూ నడిచేవారు, హద్దు పిల్లల కాళ్లకి గుర్తుండాలని. మీరూ పాత పటం పట్టుకుని అలాగే నడవండి. ఈమ్ నుంచి స్టోనీ మిడిల్టన్‌కి దిగే కాలిబాట పక్కన, పచ్చిక మధ్యలో ఒక బండరాయి ఉంది. దాని మీద ఆరు గుంటలు. ప్లేగు నెలల్లో ఈమ్ జనం ఆ గుంటల్లో వెనిగర్ పోసి నాణేలు వేసేవారు, అవతలి ఊరివాళ్లు తిండి, మందులు అక్కడ పెట్టి నాణేలు తీసుకెళ్లేవారు. గుంటల అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. వేలు పెట్టి చూశాను. ముందు రోజు కురిసిన వాన నీళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి.